కలుపు తీసిన కెమెరా

మూడు గాలి డబ్బాలు

విశాఖపట్నంలో పాత కెమెరాల కొట్టాయన ఆ మూడు రింగుల్ని కాగితంలో చుట్టి ఇస్తుంటే నాకే అనుమానం వచ్చింది. "ఇందులో అద్దం ఏదండీ?" అన్నాను. "అద్దం ఉండదు మేడమ్, అందుకే చవక," అన్నాడు. ఇంటికి తెచ్చాక మా ఆయన ఒక రింగులోంచి వేలు దూర్చి, ఆ వేలును అవతలి వైపు నుంచి నాకే చూపించి, "అయితే గాలి కొనుక్కొచ్చావన్నమాట," అన్నారు.

వీటిని ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటారు. పేరు పెద్దది గానీ ఉత్త గొట్టాలే. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగిస్తే లెన్సు నాలుగు వేళ్ళు ముందుకు జరుగుతుంది. దాంతో మూరెడు దూరం నుంచి తప్ప బొమ్మ కట్టని నా పాత రష్యా కెమెరా చీమ మీసాల దాకా వెళ్ళి చూస్తుంది. అయితే మూడు చిక్కులున్నాయి. వెలుతురు సగానికి పైగా తగ్గిపోతుంది కాబట్టి ఎండ కావాలి. గాలికి ఆకు వెంట్రుకవాసి కదిలినా బొమ్మ అలికినట్టు వస్తుంది. లెన్సును తిప్పి ప్రయోజనం లేదు, మనమే వంగి, మోకాళ్ళ మీద ముందుకీ వెనక్కీ జరగాలి. నలభై ఆరేళ్ళ మోకాళ్ళకి అది ఏమంత ఇష్టమైన పని కాదు.

ఇంత అవస్థ ఎందుకంటే, నేను విజయనగరంలో జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. గడ్డి జాతి పువ్వు పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద బొమ్మ గీస్తాను. అది ఏటికేడాదీ ఇంకాస్త వంకాయలా తయారవుతోంది. పిల్లలకి అసలు పువ్వు చూపించాలని కోరిక. సామ పువ్వు పొద్దున పదింటి వేళ విచ్చుకుంటుంది, అయిదు నిమిషాలు గడిచేలోగా మూసుకుంటుంది. దాన్ని ఫొటో తీయాలి.

నా పాత విద్యార్థిని కమల అరకు దగ్గర ఒక బళ్ళో టీచరు. భాద్రపదంలో ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "మా బుద్రి అత్త చేలో సామ పొట్ట మీదుంది మేడమ్. వారంలో పూస్తుంది, రండి." మూడు రోజులు సెలవు పెట్టి, ముప్ఫయ్యారు ఫొటోల రీలు ఒక్కటి కొనుక్కుని బయల్దేరాను.

కొండెక్కే రైలు

కొత్తవలసలో కిరండోల్ పాసింజరు ఎక్కాను. నా ఎదుట ఒక పెద్దాయన జామకాయల బుట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె అంతా కేకలు వేస్తుంటే, ఆయన మాత్రం బుట్ట మీద తువ్వాలు కప్పేవాడు. వెలుగు రాగానే తీసేవాడు. మూడో సొరంగం దాటాక ఎందుకని అడిగాను.

"సీకటైతే సేతులు పెరుగుతాయమ్మా జనాలకి," అన్నాడు.

నవ్వి నాలుగు కాయలు కొన్నాను. ఆ తర్వాత ఆయన తువ్వాలు నా సంచీ మీద కూడా కప్పాడు. బొర్రా స్టేషన్లో అడ్డాకు దొప్పల్లో సీతాఫలాలు అమ్ముతున్నారు. దొప్పకి ఆరు పళ్ళు, అయిదు రూపాయలు. మా ఊరి గంటస్తంభం దగ్గర ఆ డబ్బుకి రెండు చేతిలో పెట్టి, మూడోది అడిగితే ముఖం తిప్పుకుంటారు. ఒక్క దొప్ప పూర్తిగా నేనే తినేశాను. గింజలు ఊయడంలో శిమిలిగుడ స్టేషను ఎప్పుడు దాటిందో చూడలేదు.

కమల ఇంట్లో

అరకు స్టేషన్లో కమల గొడుగుతో నిలబడి ఉంది. ఇంటర్లో నా క్లాసులో చివరి బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల. ఇప్పుడు దారిపొడుగునా ఎదురొచ్చిన ప్రతి పిల్లాడినీ పేరుపెట్టి గదమాయిస్తోంది. నాకు భలే గర్వంగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఉల్లిపాయ, కాల్చిన ఎండుమిరప. మా ఇంట్లో అంబలి ఎండాకాలం మాట, సామలు ఉపవాసాల మాట. ఇక్కడ రెండూ రోజువారీ తిండే. నేను రెండో గ్లాసు అడిగితే కమల ఆశ్చర్యపోయింది.

"మీకు కాఫీ కలపమంటారేమో అనుకున్నాను మేడమ్," అంది.

"కాఫీ కూడా ఇయ్యి," అన్నాను.

గొందివలస

రోడ్డు దిగి గంట నడిస్తే గొందివలస. పదకొండు ఇళ్ళు, ఎర్రమట్టి అలికిన గోడలు, వాకిళ్ళలో గుమ్మడి తీగలు. కమల మేనత్త బుద్రమ్మకి అరవై దాటి ఉంటాయి. ముక్కుకి మూడు పుడకలు, నవ్వితే మూడూ మెరుస్తాయి. ఊళ్ళో అందరూ బుద్రి అంటారు. నన్ను చూసి, "ఈయమ్మేనా గడ్డిపువ్వు కోసం అంత దూరం వచ్చింది?" అని కమలని అడిగింది. "మీ ఊర్ల గడ్డి లేదేటి తల్లీ?"

అక్కడి ఆచారం ఆమే చెప్పింది. ఏ పంటైనా 'కొత్త' పండగ చేసేదాకా నోట పెట్టరు. సామ కొత్త అయితేనే సామ తినాలి. కొత్తకి మొదటి గుప్పెడు కంకులు ఏటా ఒక ఇంటి చేలోంచి కోస్తారు. పదకొండు ఇళ్ళకీ వంతు. ఆ చేనులో ఆ రోజుదాకా ఒక్క కంకి తెగకూడదు. తెగితే వంతు పోయినట్టే, మళ్ళీ పదకొండేళ్ళకి గానీ రాదు.

"కిందటిమాటు మా వంతొచ్చిన యేడే మా ఆయన పోనాడు. సేనుకి ఎల్లలేదు, వంతు పక్కింటికి పోయింది. ఈ యేడు నాది," అంది బుద్రి. 'నాది' అన్నప్పుడు చెయ్యి గుండె మీద పెట్టుకుంది. ఇంకో పదకొండేళ్ళు ఆగే వయసు కాదు ఆమెది. ఆ లెక్క ఆమె పైకి అనలేదు, నేను లోపల వేసుకున్నాను. ఇదంతా చక్కగా విన్నాను. విన్నానని ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

కొత్త ఏ రోజు చేయాలో నిర్ణయించే పెద్దని దిసారి అంటారు. ఆ ఊరి దిసారి గాసన్న తన అరుగు మీద కూర్చుని అడ్డనార తాడు పేనుతున్నాడు. నా రింగులు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, అందులోంచి నన్ను చూశాడు.

"ఇందుల ఏటీ లేదు," అన్నాడు.

"లేదు తాతా, ఉత్తదే," అన్నాను.

"ఉత్తదాన్ని మోసుకొచ్చినావా అంత దూరం?" అని బోసినోటితో నవ్వాడు. మా ఆయన అక్కడ లేకపోవడం నా అదృష్టం.

తెంచిన కాడ

బుద్రి చేను ఊరి వెనక వాలులో ఉంది. గట్టు పక్కన ఒక గుబురు నాకు బాగా నచ్చింది. ఎండ నేరుగా పడుతోంది, కూర్చోవడానికి రాయి కూడా ఉంది. మూడు రింగులూ బిగించి మొదలుపెట్టాను. ఆకు అంచున నీటిబొట్టు, ఆ బొట్టులో తలకిందులుగా కొండ, ఆకు కాడని చుట్టుకునే చోట పాకే ఎర్రచీమ. ఒక్కో ఫొటోకి పది నిమిషాలు. దూరపు కొండలు నునుపు అంటారు గానీ, ఈ గొట్టాల్లోంచి చూస్తే నునుపన్నది ఎక్కడా కనబడదు. ఆకు మీద గరుకు, గరుకు మీద దుమ్ము, దుమ్ములో ఇంకేదో పురుగు. నాకు ఒళ్ళు తెలియలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి పద్దెనిమిది ఫొటోలు అయిపోయాయి. పువ్వు మాత్రం లేదు. ఆ గుబురులో కంకులింకా పొట్టలోనే, ఆకు చుట్ట లోపలే ఉన్నాయి. ఒకదాని కొస మాత్రం బయటికి తొంగి చూస్తోంది.

ఆపైన గాలి లేచింది. ఆకు ఊగుతుంటే నేనూ దాంతోపాటు ఊగాను. ఇలా కాదనుకున్నాను. ఆ కొస బయటికొచ్చిన కాడని తెంచి గ్లాసులో నీళ్ళు పోసి పెడితే, రేపు పొద్దున గాలి లేని చోట విచ్చుకుంటుంది కదా! లేబొరేటరీలో పాతికేళ్ళుగా చేస్తున్న పనే. చెయ్యి తనంతట అదే వెళ్ళింది. టక్కుమని తెంచాను.

వెనక చప్పుడైంది. బుద్రి నాకోసం మజ్జిగ పట్టుకొచ్చింది. నా చేతిలో కాడ చూసింది. చెంబు కింద పెట్టి, గట్టు మీద చతికిలబడి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, పొద్దున విన్నదంతా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తెంచిన కాడని తిరిగి మొక్క దగ్గర పెట్టబోయాను కూడా. అంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

"బుద్రమ్మా, ఎవరూ చూడలేదు. నేను ఇది తీసుకుని..." అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నాను సూసినాను గదా తల్లీ," అంది. "సూసి, దాసి, ఆ కంకులు కొత్తకి అట్టుకెల్తే, ఆ ముద్ద నాకు దిగుతాదా? పద. గాసన్నకి సెప్పాల." కొంగు దులుపుకుని ముందు నడిచింది. నేను కాడ పట్టుకుని వెనకాల నడిచాను. మజ్జిగ చెంబు అక్కడే ఉండిపోయింది.

గాసన్న అరుగు మీద

చేసిన తప్పు నేనే చెప్పాను. అరుగు మీదే కూర్చుని ఉన్న కమల మధ్యమధ్య సర్దబోతే చెయ్యెత్తి ఆపాను. గాసన్న తాడు పేనడం మానేసి కాడ తీసుకున్నాడు. ఆకు కాడని చుట్టుకునే చోట, దాన్ని వాళ్ళు మెడ అంటారు, బొటనవేలు పెట్టి రుద్దాడు. మళ్ళీ రుద్దాడు.

"ఏటి సూత్తన్నావు గాసన్నా?" అంది బుద్రి.

"ఇది గట్టు పక్కది గదా. సామైతే మెడకాడ నూగుంటాది. ఊదగడ్డైతే బోడిమెడ. ఊదైతే వంతుకి దోసం లేదు. పొట్ట మీదున్నప్పుడు రెండూ ఒక్కలాగే ఉంటాయి, కొస సూసి సెప్పలేం." తన వేలు చూసుకున్నాడు. "తాడు పేని పేని ఏలు మొద్దెక్కిపోనాది. కళ్ళా, మసక. నాను సెప్పలేను."

పొట్ట చీల్చి కంకి చూస్తే తెలిసిపోతుంది కదా అన్నాను. ముగ్గురూ ఒక్కసారి నా వైపు చూశారు. పుట్టని కంకి పొట్ట చీల్చకూడదట. ఒకే రోజు రెండో తప్పు చేయబోయి ఆగాను. కమల కాడని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "ఉన్నట్టే ఉంది మేడమ్, లేనట్టే ఉంది," అంది.

అప్పుడు నా బుర్ర వెలిగింది. మెడ దగ్గర నూగు! ఆకు, కాడ కలిసే చోట కొన్ని గడ్డి జాతులకి చిన్న పొర ఉంటుంది, సామకైతే అది వెంట్రుకల అంచు. ఊదకి ఏమీ ఉండదు. ఏటా మొదటి యూనిట్ టెస్టులో నేనిచ్చే ప్రశ్నే అది. పిల్లలకి మార్కులు తగ్గించే నేను, తెంచేముందు ఒక్కసారి చూసి ఉండొచ్చు కదా?

"తాతా, నా ఉత్త గొట్టంలోంచి చూడు," అన్నాను.

కాడని అరుగు మీద గుండ్రాయి కింద అణిచిపెట్టి, కెమెరా దించి, మెడ దగ్గరికి జరిపాను. అంతా చీకటి. కొండ మీదికి మబ్బు వచ్చేసింది. మూడు రింగులతో ఎండ లేకపోతే ఏమీ కనబడదు. "ఎండ రావాలి," అని చెప్పాను. అరుగు మీద నలుగురం కూర్చున్నాం. గాసన్న మళ్ళీ తాడు అందుకున్నాడు. బుద్రి మబ్బునే చూస్తోంది. నేను బుద్రి వైపు చూడలేక కోడిపిల్లల్ని చూస్తూ కూర్చున్నాను. నాకు దేవుడి మీద మరీ అంత నమ్మకం లేదు గానీ, ఆ అరగంటలో తెలిసిన ప్రతి దేవుడికీ మొక్కాను.

ఎండ వచ్చింది. "బేగి, బేగి!" అంది బుద్రి. ముందు అసలు సామ మెడ చూపిద్దామని, కాడ కూడా పట్టుకుని చేనుకి పరిగెత్తాం. చేను నడుమ నిలబడ్డ మొక్క, అది సామేనని బుద్రికి బాగా తెలుసు. దాన్ని ముట్టకుండా కెమెరాని దాని మెడ దాకా తీసుకెళ్ళి, గాసన్నని వంచి కన్ను పెట్టించాను. కాసేపు అటూ ఇటూ ఊగాడు. ముందుకి, ఇంకొంచెం, ఆగు, అంటూ భుజాలు పట్టుకుని జరిపాను.

"ఓలమ్మో," అన్నాడు. "నూగు! ఎన్ని ఎంట్రుకలో! పదేళ్ళయింది ఇది కంటితో సూసి."

తర్వాత తెంచిన కాడ. గట్టు మీద రాయి పైన పెట్టాను. గాసన్న కన్ను పెట్టాడు. ఈసారి నేను జరపకుండానే తనే ముందుకీ వెనక్కీ ఊగాడు. బుద్రి నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు నా చెయ్యే పట్టుకుందో నాకిప్పటికీ తెలియదు, నేను చేసిన పనికి.

"బోడిమెడ," అన్నాడు గాసన్న. లేచి నడుం సర్దుకుని, అందరికీ వినబడేలా మళ్ళీ అన్నాడు, "బోడిమెడ! సామ కాదు, ఊద!"

బుద్రి తనూ చూసింది. కమల చూసింది. నేను చూశాను. నున్నగా, ఒక్క వెంట్రుక లేకుండా ఉంది. పక్క మొక్కల మెడలూ చూశాం, ఆ తెంచిన మొక్కే కాదు, ఆ గుబురంతా ఊదే. రెండుసార్లు కలుపు తీసినా గట్టు వార దాక్కుని మిగిలిపోయిందట. అంటే, నేను మోకాళ్ళు అరగదీసుకుని తీసిన పద్దెనిమిది ఫొటోలూ కలుపువే. ఆ మాట పైకి అనేశాను.

గాసన్నకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుగు దాకా నవ్వుతూనే వచ్చాడు. "పొద్దున్నుంచీ ఏటి తీసినావమ్మా? కలుపు తీసినావు! పెట్టెతో తీసినావు, సేత్తోనూ తీసినావు!"

"మా సేనుల కలుపు తీసినాది," అంది బుద్రి. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "ఇన్నాళ్ళూ కూలికి మనిసి దొరకలేదు. ఇజీనారం నుంచి వొచ్చి తీసినాది."

ఊళ్ళో పదకొండు ఇళ్ళకీ ఆ మాట నాకన్నా ముందే చేరింది. పాతికేళ్ళ బోటనీ ఒక్క పూటలో కొట్టుకుపోయినా, అంత సంతోషం నాకు ఈ మధ్య కలగలేదు.

పదింటి పువ్వు

మూడో రోజు పొద్దున్నే కమలా నేనూ మళ్ళీ గొందివలస వెళ్ళాం. చేను నడుమ నాలుగైదు కంకులు బయటికొచ్చి ఉన్నాయి. గాలి అలాగే ఉంది. ఈసారి నా చేతులు వెనక్కి కట్టుకున్నాను. బుద్రి వానకి కప్పుకునే ఆకుల గిడుగు తెచ్చి, గాలి వచ్చే వైపు అడ్డంగా పట్టుకుని నిలబడింది. కంకి ఊగడం ఆగింది.

పదింటికి కాస్త ముందు ఒక గింజ పొర విచ్చుకుంది. మూడు సన్నని దారాలు బయటికి జారాయి, వాటి కొసన నారింజరంగు తిత్తులు. మధ్యలో వంకాయరంగు కుచ్చులు రెండు. నా బోర్డు బొమ్మలో వంకాయ ఎక్కడ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. ఊపిరి బిగబట్టి, మోకాళ్ళ మీద వెంట్రుకంత ముందుకి, వెనక్కి జరుగుతూ ఆరు ఫొటోలు తీశాను. ఏడోదానికి పువ్వు మూసుకుపోయింది.

బుద్రి గిడుగు దించి తనూ చూస్తానంది. మరో పువ్వు విచ్చేదాకా ఆగాం. కన్ను పెట్టి, "ఇదేనా మన తిండి?" అంది. ఆ పువ్వు మూసుకునేదాకా కన్ను తియ్యలేదు.

బయల్దేరుతుంటే గాసన్న ఆ ఊరి కట్టుబాటు ఇంకోటి చెప్పాడు. చేనులో కలుపు తీసిన ప్రతి చేతికీ కొత్తలో ముద్ద ఉంటుంది. ఎన్ని మొక్కలు తీశారన్నది ఎవరూ అడగరు. "నీకూ ఉన్నాది. రావాల," అన్నాడు. కొత్త ఇంకా నెల ఉంది. నా సెలవు ఆ రోజుతో సరి. రాలేనని చెబుతుంటే బాధేసింది.

ఇల్లు చేరాక

రీలు కడిగిస్తే సామ పువ్వు ఆరింట్లో ఒక్కటి బాగా వచ్చింది. కలుపు మాత్రం పద్దెనిమిదికి పదిహేను, ఆకు మీద ఈనెలు లెక్కపెట్టేలా వచ్చాయి. పువ్వు ఫొటో పెద్దది చేయించి కమలకి పంపాను. కమల జాబు రాసింది. "పువ్వు బాగుందని అత్త చెప్పమంది మేడమ్. కానీ కలుపు ఫొటోలు ఎందుకు పంపలేదని అడుగుతోంది. బోడిమెడది కావాలట. వచ్చే ఏడు కలుపుకెళ్ళే గుంటపిల్లలకి చూపించడానికి." నేను కాలేజీలో అడిగే ప్రశ్నే గొందివలస గట్టు మీద అడుగుతారన్నమాట. మెడ కనబడే నాలుగు ఫొటోలు పంపాను.

మొన్న ఆదివారం కమల ఏదో పని మీద విజయనగరం వచ్చి, మా ఇంటికొచ్చింది. సంచీలోంచి నార కట్టిన అడ్డాకు పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "కొత్త బాగా జరిగింది మేడమ్. మొదటి గుప్పెడు అత్తే కోసింది. కలుపు తీసినవాళ్ళకి ముద్ద బియ్యం పంచేటప్పుడు మీ పేరు పిలిచారు. ఎవరూ పలక్కపోతే అత్త కొంగు పట్టి తీసుకుంది."

పొట్లం విప్పితే కొత్త సామబియ్యం, గుప్పెడు. ఆ పూటే వండాను. నెయ్యి వేసి ముగ్గురికీ పంచితే తలా ఒక్క ముద్ద వచ్చింది. మా ఆయన కంచం వైపు చూసి, "ఇంతేనా?" అన్నారు.

"నేను తీసింది ఒక్క మొక్కే," అన్నాను.